అంకెల దీపపు గడియారము – ఒక చిన్న పరిశ్రమ నేర్పు పాఠములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామములో గ్రంథాలయపు తలుపు 25 సంవత్సరములు ప్రతి సాయంకాలము తెరువబడుచుండుట సామాన్యమైన విషయము కాదు. తెరచినవారికిని, లోనికి వచ్చి చదివినవారికిని నా నమస్కారములు. ఈ శుభసమయమున చిన్న పరిశ్రమలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని నిర్వాహకులు కోరిరి. చిన్న పరిశ్రమ యనగానే మనకు చేనేత, కుమ్మరము, బుట్టల అల్లిక, తేనెటీగల పెంపకము స్ఫురించును. వానిని గూర్చి నాకన్న బాగుగా ఎరిగినవారు ఈ సభలోనే కలరు. కనుక నేను దూరదేశములలో పుట్టి, దాదాపుగా నశించి, మరల బ్రతికిన యొక పరిశ్రమను తీసికొందును. అది నిక్సీ గొట్టములతో గడియారములు కట్టి అమ్ము పరిశ్రమ. దాని మంచిచెడ్డలు విచారించినచో మన పనులకును పనికివచ్చు పాఠములు కొన్ని దొరకును.

నిక్సీ గొట్టమనగా నేమి? మన యింటిలో దీపము వెలుగనప్పుడు కరెంటు పనివాడు వచ్చి, జేబులోనుండి టెస్టరు తీసి, దాని మొనను సాకెట్టు రంధ్రములో ఉంచును. పిడిలోపల నారింజవన్నె చుక్క యొకటి వెలుగును. ఇది అందరమును చూచినదే. ఆ చుక్కలో కాలుచున్న తీగ యేదియు లేదు. చిన్న గాజుబుడ్డిలో నియాన్ అను వాయువును, రెండు లోహపు కడ్డీలును మాత్రమే యున్నవి. తగినంత వోల్టేజి కలిగినప్పుడు ఆ వాయువు గుండ విద్యుత్తు ప్రవహించి, ఋణధ్రువముగా నున్న కడ్డీని అంటుకొని యొక కాంతిపొర యేర్పడును. ఈ నియాన్ వాయువును 1898లో లండను నగరమున విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ఇప్పుడొక చిన్న యూహ చేయుడు. ఆ ఋణధ్రువపు కడ్డీని తిన్నగా ఉంచక, 8 అను అంకె ఆకారములో మలచినచో ఏమగును? కాంతిపొర ఆ ఆకారమునే పట్టుకొని, 8 అంకె వెలుగును. సున్న మొదలు తొమ్మిది వరకు పది అంకెలను పలుచని లోహపు రేకుతో చేసి, ఒకదానికొకటి తగులకుండ వెనుక నొకటిగా పేర్చి, వాని ముందు సన్నని జల్లెడవంటి ధనధ్రువము నుంచి, అన్నింటిని ఒకే గాజుబుడ్డిలో మూసినచో నిక్సీ గొట్టము సిద్ధమగును. పది అంకెలకు పది తీగలు, ధనధ్రువమునకు ఒక తీగ, వెరసి పదునొకండు తీగలు. ఏ అంకె తీగకు విద్యుత్తును కలిపిన ఆ అంకెయే వెలుగును. అంకెలు ముందువెనుకలుగా నుండుటచే, మారినప్పుడెల్ల కాంతి కొంచెము ముందుకు వచ్చినట్లును, వెనుకకు పోయినట్లును కనబడును. ఈ గడియారముల అందమంతయు ఇందులోనే కలదు.

ఈ గొట్టమును 1955లో అమెరికాలోని బరోస్ కంపెనీవారు విపణికి తెచ్చిరి. నక్షాపై వ్రాసికొన్న 'ప్రయోగాత్మక సంఖ్యాసూచి, మొదటిది' అను అర్థము గల ఆంగ్లపదముల పొడియక్షరములనుండి నిక్సీ అను పేరు పుట్టినదని చెప్పుదురు. ప్రయోగశాలల కొలత పరికరములలోను, లెక్కలు కట్టు యంత్రములలోను ఇవి విరివిగా వాడబడెను. 1961లో ఇంగ్లండులో అమ్మకమునకు వచ్చిన అనీటా అను విద్యుల్లెక్కల యంత్రము ఈ జాతి గొట్టములలోనే జవాబు చూపెడిది. తూర్పు జర్మనీ, సోవియట్ రష్యా మున్నగు దేశములును వీనిని తయారుచేసెను.

కాని 1970ల దశకములో కొద్దిపాటి వోల్టులతో వెలుగు ఎఱ్ఱని అంకెల దీపములు, చవుకయైనవి, గట్టివి, వచ్చి పడెను. గాజు ఊదవలసిన పని లేదు. నూట డెబ్బది వోల్టులతో పని లేదు. పాశ్చాత్య కర్మాగారములు ఒక్కొక్కటిగా నిక్సీ గొట్టముల తయారీని విడిచిపెట్టెను. సోవియట్ దేశములో మాత్రము 1980ల దశకములో కూడ ఈ పని సాగెను. 1991లో ఆ రాజ్యము విచ్ఛిన్నమైన పిమ్మట, గిడ్డంగులలో పెట్టెలకొలది మిగిలియున్న గొట్టములు అంగళ్లకు వచ్చెను. యంత్రములకు అక్కరలేని ఆ వస్తువును ఔత్సాహికులు కొని, సాయంకాలపు తీరికలో గడియారములుగా కట్టసాగిరి. చూచినవారు మాకొకటి కావలెననిరి. వేడుక వ్యాపారమైనది. అమెరికా, జర్మనీ, ఇంగ్లండు, రష్యా, ఉక్రెయిన్ మున్నగు దేశములలో, ఒక బల్ల, ఒక టంకపు కడ్డీ, ఒక కొలత పరికరము పెట్టుబడిగా ఈ పనికి దిగినవారు అనేకులు.

గడియారము కట్టు విధమును సంగ్రహముగా చెప్పెదను. ఇందులో నాలుగు భాగములు కలవు. మొదటిది కాలమును లెక్కించునది. స్ఫటికపు ముక్క యొకటి సెకనుకు 32,768 సారులు కంపించును. ఆ సంఖ్యను పదునైదు సారులు సగము చేసినచో సరిగా ఒకటి వచ్చును. అదియే సెకను. సామాన్యపు స్ఫటికము పది లక్షలకు ఇరువది పాళ్లు తప్పినచో నెలకు 52 సెకనులు తేడా వచ్చును. ఉష్ణోగ్రతను బట్టి తన్ను తాను సవరించుకొను చిప్పు పది లక్షలకు రెండు పాళ్లకు మించి తప్పదు. అనగా సంవత్సరమునకు ఒక నిమిషము మాత్రమే. గడియారము ఎంత అందముగా నున్నను కాలము తప్పు చూపినచో అది గడియారము కాదు, బొమ్మ. కనుక ఇక్కడ పిసినారితనము పనికిరాదు.

రెండవది వోల్టేజిని పెంచునది. గోడకు తగిలించు అడాప్టరునుండి 12 వోల్టులు వచ్చును. తీగచుట్టలో కరెంటును పారించి, హఠాత్తుగా ఆపినచో హెచ్చు వోల్టేజి పుట్టును. దానిని కండెన్సరులో నిలువచేసి సుమారు 180 వోల్టులు గ్రహింతురు. మూడవది అంకెను ఎన్నుకొనునది. నాలుగు తీగలపై వచ్చిన సంకేతమును బట్టి పదింటిలో ఒక అంకెను వెలిగించు చిప్పు ఇందుకై ప్రత్యేకముగా తయారైనది. నాలుగవది గొట్టములు.

గొట్టమునకును 180 వోల్టులకును నడుమ నిరోధకము నొకదానిని ఉంచక తప్పదు. ఏలననగా, ఒకసారి వెలిగిన గొట్టము కరెంటును తనంత తాను అదుపు చేసికొనజాలదు. లెక్క సులభము. వెలుగుచున్న గొట్టమునకు సుమారు 140 వోల్టులు చాలును. మిగిలిన 40 వోల్టులు నిరోధకముపై పడవలెను. గొట్టమునకు రెండున్నర మిల్లీయాంపియరులు పంపదలచినచో 16,000 ఓముల నిరోధకము కావలెను. ఇట్టివి ఆరు గొట్టములు కలిసి 15 మిల్లీయాంపియరులు తీసికొనును. అనగా మూడు వాట్లకు లోపే. గడియారమంతటికిని ఐదు వాట్లు అనుకొన్నను, రేయింబవళ్లు నడచిన సంవత్సరమునకు సుమారు 44 యూనిట్లు మాత్రమే ఖర్చగును.

ఈ గొట్టములకొక జబ్బు కలదు. వెలుగుచున్న అంకెనుండి లోహపు రేణువులు రాలి, వెలుగని అంకెలపై పేరుకొనును. చాలకాలము వాడని అంకెను ఒకనాడు వెలిగించినచో ముక్కముక్కలుగా వెలుగును. ఇరువది నాలుగు గంటల గడియారములో గంటల పదుల స్థానమున 0, 1, 2 తప్ప వేరు అంకె యెన్నడును రాదు. నిమిషముల పదుల స్థానమున 6 మొదలు 9 వరకు రావు. అందుచేత మంచి పనివాడు ప్రతి రాత్రియు కొంతసేపు అన్ని గొట్టములలోను అన్ని అంకెలను వరుసగా వెలిగించు ఏర్పాటు చేయును. చూచువారికది వేడుక, గొట్టమునకది వైద్యము. వాడని పనిముట్టు తుప్పుపట్టునను మన రైతు మాట యిక్కడను నిజమే.

ప్రమాదమును గూర్చియు చెప్పక తప్పదు. 180 వోల్టులు ఆటవస్తువు కాదు. స్విచ్చి ఆపిన తరువాతను కండెన్సరులో విద్యుత్తు నిలిచియుండును. దానిని మెల్లగా ఖాళీచేయు నిరోధకమును తప్పక అమర్చవలెను. పెట్టె మూత తీయకుండ పిల్లల వ్రేలు ఏ తీగకును తగులరాదు. గొట్టముల జీవితకాలము పెంచుటకై కొన్నింటిలో కొద్దిపాటి పాదరసము కలుపుదురు. కనుక పగిలినదానిని వట్టి చేతులతో ఊడ్వరాదు. కిటికీలు తెరచి జాగ్రత్తగా ఎత్తవలెను. పరదేశములకు పంపువారు ఆ యా దేశముల విద్యుద్రక్షణ నిబంధనలను కూడ పాటింపవలెను. ఈ సంగతులను కాగితముపై అచ్చొత్తించి పెట్టెలో ఉంచని వర్తకుడు, వస్తువును అమ్మినను ధర్మమును అమ్మలేదనవలెను.

ఇక పరిశ్రమకు ఆయువుపట్టైన ధర సంగతి. చిన్న పరిశ్రమలు మునుగునది సాధారణముగా పనిలో కాదు, లెక్కలో. లెక్క నేర్చుకొనుటకై కొన్ని అంకెలను ఊహించుకొందము. ఇవి బజారు ధరలు కావు, ఉదాహరణ మాత్రమే. ఆరు గొట్టములు, ఒక్కొక్కటి 800 రూపాయల చొప్పున 4,800. చిప్పులు, పలక, అడాప్టరు 2,500. కొయ్యపెట్టె 1,800. కట్టుడు సామాను 400. మొత్తము ముడిసరకు 9,500 రూపాయలు. క్రొత్తగా దిగినవాడు దీనిపై వేయి రూపాయలు లాభము వేసికొని 10,500కు అమ్మి, సంతోషించును. కాని అమ్మిపెట్టిన అంగడివాడు నూటికి పది కమీషను తీసికొనినచో అతని చేతికి వచ్చునది 9,450. ముడిసరకుకన్న 50 రూపాయలు తక్కువ! అతడు గడియారమును కట్టిన ఎనిమిది గంటలు గాలిలో కలసిపోయెను. పది గడియారములు అమ్మినవాడు పది రెట్లు నష్టపోవును. బేరము బాగున్నదని ఊరెల్ల అనుచుండగా ఇల్లు గుల్లయగుట అన నిదియే.

సరియైన లెక్క యెట్లుండవలెను? ముడిసరకు 9,500. ఎనిమిది గంటల కూలి, గంటకు 250 చొప్పున 2,000. వెరసి 11,500. పాడై తిరిగి వచ్చువానికై నూటికి ఐదు చొప్పున 575. వెరసి 12,075. పరిశ్రమ పెరుగుటకై 2,000 లాభము. వెరసి 14,075. కమీషను పోగా ఈ సొమ్ము చేతికి రావలెనన్నచో అమ్మకపు ధర సుమారు 15,640 రూపాయలు ఉండవలెను. ఈ ధరకు కొనువారు లేనిచో, పనిని చవుకగా చేయుటకు మార్గము వెదకవలెనే గాని, తన కూలిని తానే మ్రింగరాదు. తన శ్రమకు వెల కట్టుకొనని పనివాడు తన పిల్లలను ఆ పనిలో పెట్టజాలడు. అట్టి పని యొక తరముతో అంతరించును. మన చేనేతవారి యిండ్లలో ఈ మాటకు వ్యాఖ్యానము అక్కరలేదు.

దీనికంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. గొట్టములు పాత నిలువ సరకు. వాడినకొలది తరుగును గాని పెరుగవు. నూరు గడియారములు కట్టదలచినవానికి 600 గొట్టములు కావలెను. పూచీ నిలుపుకొనుటకై పదింటికొకటి చొప్పున 60 అదనముగా ఉంచవలెను. మన ఉదాహరణ ధరకు ఇవి 5,28,000 రూపాయలు. ఒక్క గడియారమైనను అమ్మకముందే ఇంత సొమ్ము గాజుబుడ్లలో ఇరుకుకొనును. కొంచెము కొంచెముగా కొందమన్నచో, రేపటి ధర నేటి ధర కాదు. 2022 ఫిబ్రవరిలో రష్యా, ఉక్రెయిన్ దేశములమధ్య యుద్ధము పెచ్చరిల్లినప్పుడు, సరకు అచ్చటినుండియే రావలసినవారికి టపామార్గములును, సొమ్ము చెల్లించు మార్గములును చాలవరకు మూసికొనిపోయెను. ఒకే బావిని నమ్ముకొన్న తోట కథ యిట్టిదే. కొండపల్లి బొమ్మల పనివారు తెల్ల పొణికి కఱ్ఱ కొఱతతో పడు బాధను ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. నేర్పు చేతిలో నున్నను చెట్టు లేనిదే బొమ్మ లేదు.

ఈ చిక్కునుండి బయటపడుటకు మూడు దారులు కనబడుచున్నవి. మొదటిది, ఉన్న గొట్టమును పొదుపుగా వాడుట. కొన్ని గొట్టములకు తీగలను పలకకు టంకము పెట్టవలెను. కొన్నింటిని సాకెట్టులో గ్రుచ్చవచ్చును. సాకెట్టు గల గడియారములో ఒక గొట్టము చెడినచో కొన్నవాడే మార్చుకొనగలడు. రెండవది, గడియారమును గాక విడిభాగముల పెట్టెను అమ్ముట. అప్పుడు కట్టు శ్రమ కొనువానిది. అమ్మువాని శ్రమయంతయు స్పష్టమైన సూచనల పుస్తకము వ్రాయుటలో నుండును. ఇచ్చట భాష బాగుగా వచ్చినవాడు టంకము బాగుగా వచ్చినవానితో సమానుడగును.

మూడవ దారి అన్నింటికంటె కఠినమైనది: గొట్టమునే క్రొత్తగా చేయుట. చెక్ దేశమునకు చెందిన దలిబోర్ ఫార్నీ అను యువకుడు 2010 తరువాతి సంవత్సరములలో ఈ సాహసమునకు పూనుకొనెను. పనిని నేర్పుటకు నడచుచున్న కర్మాగారము లేదు. అంకెలను పలుచని రేకునుండి తీయవలెను. పింగాణి బిళ్లల నడుమ పేర్చవలెను. గాజు గుండ తీగలను గాలి చొరకుండ దింపవలెను. లేతు యంత్రముపై గాజును కరగించి అతుకవలెను. అతుకు పగులకుండ కొలిమిలో మెల్లగా చల్లార్పవలెను. లోని గాలినంతయు తోడివేసి, నియాన్ నింపి, మూసివేయవలెను. ఇందులో ఏ మెట్టు తప్పినను గొట్టము వ్యర్థము. అతడు ఏండ్ల తరబడి ప్రయత్నించి సాధించెను. పూర్వపు తూర్పు జర్మనీ గొట్టము నొకదానిని ఆదర్శముగా గొని, ఐదు సెంటీమీటర్ల ఎత్తు అంకెలు గల గొట్టమును తయారుచేసి అమ్మసాగెను. 2017లో తన పనితీరునంతయు చలనచిత్రముగా తీసి లోకమునకు చూపెను. కష్టపడి నేర్చినదానిని దాచుకొనుటకు బదులు చూపినందున అతని వస్తువునకు గౌరవము పెరిగినదే గాని తరుగలేదు.

సభాసదులారా! ఈ కథలో గ్రంథాలయమునకు ఏమి సంబంధమని మీరడుగవచ్చును. కర్మాగారము మూతపడినప్పుడు యంత్రములను పాత ఇనుముగా అమ్మివేయుదురు. పనివారు వేరు పనులకు పోవుదురు. వారి చేతులలోని నేర్పు వారితోనే పోవును. నిలుచునది వ్రాసియుంచినది మాత్రమే. గొట్టములను గూర్చిన పాత పట్టికలును, హక్కుపత్రములును, ఆనాటి సాంకేతిక పుస్తకములును ఎవరో భద్రపరచిరి గనుకనే, ఏ తీగకు ఏ అంకె, ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు అను సంగతులు నేటి పనివానికి తెలియుచున్నవి. పనికిరాని కాగితమని ఆనాడు పారవేసియుండినచో, పెట్టెలలోని గొట్టములు వట్టి గాజుబుడ్లుగానే మిగిలియుండెడివి.

కావున మన గ్రంథాలయమునకు నా విన్నపమొకటి కలదు. కథల పుస్తకముల సరసన మన యూరి పనుల పుస్తకము నొకటి ఉంచుడు. అచ్చైనది కానక్కరలేదు, నోటుపుస్తకము చాలును. ఏ రంగునకు ఏ చెక్క, ఎంతసేపు కాచవలెను. మగ్గము పన్నునప్పుడు పోగుల లెక్క యేమి. బండి చక్రమునకు పట్టా వేయు వడ్రంగి, కమ్మరి ఏ వేడిని గుఱుతుగా పట్టుదురు. ఇట్టివానిని పెద్దలనుండి అడిగి, వారి మాటలలోనే వ్రాసికొనుడు. ధరల లెక్కను కూడ వ్రాయుడు. చదువుకొన్న పిల్లలు వ్రాయుదురు. చేయి తిరిగిన పెద్దలు చెప్పుదురు. రేపు ఏ పడుచువాడో ఆ పుటలను తెరచి, మనము వదలుకొన్న పనిలో తన జీవనోపాధిని కనుగొనవచ్చును.

ఆ పుస్తకమునకు వలయు కాగితము, కలము మన యూరిలోనే యున్నవి. చెప్పగల పెద్దలును నేడు మన మధ్యనే కూర్చుండియున్నారు. వారిని అడుగుటకు స్వర్ణోత్సవము దాక ఆగవలదని నా మనవి.